మురికి పట్టని పుస్తకం

పుస్తకం నలిగిందంటే లైబ్రరీల్లో పనిచేసేవాళ్ళకు ప్రాణం ఉసూరుమంటుంది. ఈమెకు మాత్రం పండగ.

పిల్లల లైబ్రరీలో, మెట్ల కిందున్న చిన్న గదిలో, చిరిగిన పుస్తకాలు అతికించడం ఆమె పని. గదిలో ఒక బల్ల, దాని మీద జిగురు గిన్నె, కుంచెలు, మడతలు నొక్కీ నొక్కీ నునుపెక్కిన చెక్కబద్ద, గుడ్డలో చుట్టిన ఇటుకలు కొన్ని. అతికించిన పేజీల మీద బరువు పెట్టడానికి ఆ ఇటుకలు. కొత్తగా వచ్చిన పిల్లలు వాటిని పడుకున్న పిల్లులనుకుని నిమురుతారు. ఆమె కాదని చెప్పదు. ఆమెకు ‘అతుకులమ్మ’ అని పేరు పెట్టిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని వేలు పట్టుకుని తీసుకొస్తున్నారు. అందరూ పెద్ద మేడమ్ అని పిలిచే లైబ్రరీ అధికారి కూడా ఒకసారి తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు నోరుజారి “మా అతుకులమ్మ” అనేసి నాలిక్కరుచుకుంది. దాంతో ఆ పేరు ఖాయమైపోయింది.

పిల్లలకు ఏ పేజీ ఇష్టమో ఆమె చిరుగు చూసి చెప్పేస్తుంది. పులి దూకే పేజీ నిలువునా చిరుగుతుంది. కేకున్న పేజీని నాకుతారు. దొంగ దాక్కున్న పేజీలో దొంగ మొహాన్ని గోటితో గీకుతారు. నీతి చెప్పే చివరి పేజీ మాత్రం ప్రెస్సులోంచి ఇప్పుడే వచ్చినంత తెల్లగా ఉంటుంది. దాని జోలికి ఎవరూ పోరు.

అతికించీ అతికించీ ఆమెకు తనూ ఒక పుస్తకం చెయ్యాలన్న కోరిక పుట్టింది. పుట్టి ఊరుకోలేదు, అలమారా సగం నిండేటన్ని చేసింది. తనే రాసి, తనే బొమ్మలు వేసి, తనే కుట్టి, దేనికదే ఒక్కటే ప్రతి. బొమ్మల చెయ్యి తండ్రి నుంచి వచ్చింది. ఆయన షాపుల బోర్డులు రాసే పెయింటరు. పుస్తకం తయారవగానే ఆమె ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్ళి, చదివే హాల్లో చాప మీదుండే బుట్టలో మిగతా పుస్తకాల మధ్య వదిలేస్తుంది. కొన్ని వారాలు దాని వంక చూడదు. తర్వాత తీసి పేజీల మూలలు చూస్తుంది. మూలలు మాసి, మెత్తబడి, ఎవరి నోట్లోనో నాని ఉంటే పుస్తకం పాసైనట్టు. శుభ్రంగా ఉంటే ఇంటికి తీసుకుపోయి అలమారాలో పడేసి మళ్ళీ దాని ఊసెత్తదు.

“ఇదేం పరీక్షమ్మా, పిల్లల్నే అడిగితే పోలా?” అంది పెద్ద మేడమ్.

“అడిగితే బాగుందంటారండీ. నేనంటే ఇష్టం కదా వాళ్ళకి. వేళ్ళయితే అబద్ధం చెప్పవు,” అంది అతుకులమ్మ.

ఇలా హాయిగా సాగిపోతున్న బతుకులోకి శాంతి వచ్చి పడింది. మేనత్త తెచ్చిపెట్టింది.

మేనత్త ఆమె ఇంట్లోనే ఉంటుంది. ఒకప్పుడు టెలిఫోన్ ఆఫీసులో లైన్లు కలిపే ఉద్యోగం చేసింది. పెళ్ళి జోలికి పోలేదు. అడిగినవాళ్ళకు “నాకు మా వదినతోనే సరిపోయింది, ఇంకొకరెందుకు?” అని చెప్పేది. ఊళ్ళో కొంతమంది ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగు రోడ్ల కూడలిలో ‘యుద్ధం వద్దు’ అని రాసిన అట్టలు పట్టుకుని మాట్లాడకుండా నిలబడతారు. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కొట్టుకుంటూనే ఉంటారు కాబట్టి వీళ్ళకు సెలవన్నది దొరకలేదు. వాళ్ళందరిలోకీ పెద్దది మేనత్త. మోకాళ్ళు మొరాయించాక మడతకుర్చీ తెచ్చుకుంటోంది. అతుకులమ్మ భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆ కూడలి దాటేటప్పుడు చిన్నగా రెండుసార్లు హారన్ కొడతాడు. ఉద్యమానికి ఆయన చేసే సేవ అంతవరకే.

‘శుక్రవారం వాళ్ళు’ అని ఊరు పిలిచే ఈ గుంపుకు ఒక ఆలోచన వచ్చింది. పెద్దవాళ్ళు అట్టల వంక చూసి బస్సెక్కి పోతున్నారు, పిల్లలకు చెబుదాం, శాంతి గురించి బొమ్మల పుస్తకం వేసి ఊళ్ళో బడులన్నిటికీ పంచుదాం అనుకున్నారు. “మా మేనకోడలుందిగా,” అని మేనత్త అక్కడికక్కడే మాటిచ్చేసి ఇంటికొచ్చి చెప్పింది. చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన చెయ్యి, ఆమాత్రం చనువు ఉంటుంది.

అతుకులమ్మ సరేనంది గానీ ఒక షరతు పెట్టింది. పుస్తకం బుట్ట పరీక్షలో పాసైతేనే ప్రెస్సుకు వెళ్ళాలి. పిల్లలు ముట్టని పుస్తకాన్ని బడులకు పంపితే అది బీరువాలో కూర్చుంటుంది, శాంతి అంటే బీరువాలో ఉండేదేమో అనుకుంటారు పిల్లలు. అన్నదే గానీ, ఆ పుస్తకం మాసిపోవాలని ఆమె కోరుకున్నంతగా ఏ పుస్తకం విషయంలోనూ కోరుకోలేదు. తన బొమ్మలు మొదటిసారి ఆ బుట్ట దాటి వెళ్ళబోతున్నాయి. పైగా అత్త ఇచ్చిన మాట.

బొమ్మలు వేసింది. తెల్ల పావురం, ఇంద్రధనుస్సు, గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లలు. శుక్రవారం వాళ్ళు చూసి కళ్ళు తుడుచుకున్నారు. పెద్ద మేడమ్ అందరికీ తిప్పి చూపించింది. అతుకులమ్మ దాన్ని బుట్టలో వదిలి, వారాలు గడిచాక తీసి చూసింది. పావురాన్ని ఎంత తెల్లగా వేసిందో అంత తెల్లగానూ ఉంది. ఒక్క మూల మాత్రం మడత పడి కనిపిస్తే ఆశగా కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. తీరా చూస్తే అది బుట్ట అడుగున నొక్కుకుపోయిన మడత.

ఆ శుక్రవారం మేనత్త కూడలికి వెళ్ళేముందు అలవాటుగా లైబ్రరీకొచ్చి చాప పక్కన మడతకుర్చీ వేసుకుంది. పుస్తకం తప్పిందని విని ఆవిడకు ఒళ్ళు మండింది. చాప మీద ఇద్దరు పిల్లలున్నారు. ఒకరు, ఏం చెప్పినా ఎందుకని అడిగే పిల్ల. ఆమెను లైబ్రరీలో అందరూ ‘ఎందుకమ్మ’ అంటారు. రెండోవాడు ఆమె పక్కింటి బుగ్గలబ్బాయి. మేనత్త పావురం పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని విచారణ మొదలుపెట్టింది.

“ఇది చదివావా అమ్మా?”

“చూశాను,” అంది ఎందుకమ్మ. అతుకులమ్మ అక్కడే నిలబడి ఉందని గమనించి కొంచెం మర్యాదగా అడిగింది, “వీళ్ళందరూ చేతులెందుకు పట్టుకున్నారు? రోడ్డు దాటుతున్నారా?”

“కాదు. స్నేహంగా ఉన్నారు.”

“ముందు పోట్లాడుకున్నారా?”

“లేదు.”

“మరి ఎందుకు పట్టుకున్నారు?”

“చేతులకి చెమట పట్టేస్తుంది,” అన్నాడు బుగ్గలబ్బాయి.

మేనత్త కుర్చీలో నిటారుగా కూర్చుంది. “పోట్లాడుకోకుండా ఉండటమే గొప్ప. పోట్లాటలు మంచివి కావు.”

“మీరెప్పుడూ పోట్లాడలేదా?”

అతుకులమ్మ మేనత్త వంక చూసింది. మేనత్త పైకప్పు వంక చూసింది. ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడని సంగతి ఒకటుంది. ఎత్తితే ఊరుకోనని మేనత్త ఏనాడో ఆంక్ష పెట్టింది. ఇప్పుడు లేదని చెప్పడానికే నోరు తెరిచింది. కానీ ఎదురుగా ఉన్న పిల్ల కళ్ళు ఆర్పకుండా చూస్తోంది.

“పోట్లాడాను,” అంది చివరికి. “అది కూడా శాంతి ఊరేగింపులో.”

పిల్లలిద్దరూ దగ్గరికి జరిగారు.

సంగతేమిటంటే, అతుకులమ్మ ఇంకా బడికి కూడా వెళ్ళని రోజుల్లో ఊళ్ళో ఒక ఊరేగింపు జరిగింది. బోర్డు రాసే పని ఆమె తండ్రి నెత్తినేసుకున్నాడు. షాపుల బోర్డులు రాసే మనిషికి అక్షరమంటే రోడ్డవతల నుంచి కనపడాలి. ఆ కొలతతోనే మొదలుపెట్టాడు. ‘యుద్ధం’ అని రాసేసరికి బోర్డు అయిపోయింది. చెరిపి రాసే తీరిక లేదు. ఇంకో బోర్డు తెచ్చి దాని మీద ‘వద్దు’ అని రాశాడు. “పక్కపక్కనే నడవండి, అంతే,” అని చెప్పి మొదటిది చెల్లెలి చేతికి, రెండోది పెళ్ళాం చేతికి ఇచ్చాడు. ఆ ఇద్దర్నీ పక్కపక్కన నడవమనడంలో ఉన్న ప్రమాదం ఆ అమాయకుడికి తట్టలేదు. వాళ్ళు వదినా ఆడబిడ్డలు. ఇంట్లో ఉప్పూ నిప్పూ.

“సగం దూరం బాగానే వెళ్ళాం,” అంది మేనత్త. “అప్పుడు మా వదిన అడిగింది, ఇంటికి తాళం వేశావా అని. నేనెందుకు వేస్తాను, చివర వచ్చింది నువ్వు కదా అన్నాను. కాదు నువ్వే, చెప్పులు వెతుక్కుంటూ ఉండిపోయావంది. నా చెప్పులు నువ్వు తొడుక్కుపోతే వెతుక్కోక ఏం చేస్తానన్నాను.”

తాళం దగ్గర మొదలైన మాట చెప్పుల మీదుగా, ఎప్పుడో మాడిన గిన్నె దాకా వెళ్ళింది. నినాదాల హోరులో ఆ గొంతులు కలిసిపోయుంటే బాగుండేది. కానీ అది మౌన ఊరేగింపు. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగారు, వెనకున్నవాళ్ళు మెడలు సాచారు. మేనత్తకు పౌరుషం పొడుచుకొచ్చి బోర్డు పట్టుకుని విసవిసా నడిచి అందరికంటే ముందుకెళ్ళిపోయింది. వదిన మొహం మాడ్చుకుని అందరికంటే వెనకబడింది. అలా ఆ శాంతి ఊరేగింపు, ముందు ‘యుద్ధం’ అన్న బోర్డుతో ఊరంతా తిరిగింది.

“కూడలిలో పోలీసాయన ఆపి, ఎవరి మీదమ్మా యుద్ధం అనడిగాడు.”

“మీరేమన్నారు?”

“మా వదిన మీద అన్నాను.”

బుగ్గలబ్బాయి చాప మీద పడి దొర్లాడు. మేనత్తకు కూడా పెదవుల చివర నవ్వు పుట్టుకొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ వల్ల కాలేదు. “వెనక మా వదినని ఒక షాపాయన అడిగాడట, ఏం వద్దమ్మా అని. ఆడబిడ్డ అని చెప్పిందట.”

అతుకులమ్మకు తెలియని కథ కాదు. కానీ అత్త దీన్ని నవ్వుతూ చెప్పగా వినడం అదే మొదటిసారి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరు ఆ తర్వాత చాలాకాలం వాళ్ళను ఆడిపోసుకుంది. ఆ అవమానం ఆవిడ లోపలే అట్టేపెట్టుకుంది.

“తాళం వేసుందా మరి?” అంది ఎందుకమ్మ. అసలు ప్రశ్న ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది.

వేసుంది. వేసింది అన్నగారు. తాళంచెవి ఆయన జేబులో ఉంది. ఆయన ఊరేగింపు చివర జెండాలు చుట్టబెడుతూ ఉండిపోయాడు. ఇద్దరూ చెరో దారినా ఇంటికొచ్చి, వదిన కొంగు పట్టుకుని వెంట తిరిగిన చిట్టి అతుకులమ్మను మధ్యన కూర్చోబెట్టుకుని, మూసిన తలుపు ముందు మెట్టు మీద కూలబడ్డారు. ఇంతలో తుంపర మొదలైంది. వేరే దారిలేక రెండు బోర్డులూ ఏటవాలుగా ఆనించి, వాటి కింద ముడుచుకున్నారు.

“మాట్లాడుకున్నారా?”

“చాలాసేపు లేదు. తర్వాత చూస్తే మా వదిన భుజం తడిసిపోతోంది. ఇటు జరుగు వదినా, నీ వైపు తడుస్తోంది అన్నాను. జరిగింది. రోడ్డున పోయేవాళ్ళు మా మెట్టు ముందు ఆగి బోర్డులు చదువుకుని పోతున్నారు. రెండూ మళ్ళీ పక్కపక్కన నిలబడింది అక్కడే మరి.”

“మళ్ళీ పోట్లాడుకున్నారా?”

“మర్నాడే.”

“మరి శాంతి?”

“అదీ మర్నాడే.”

ఎందుకమ్మ అటూ ఇటూ చూసింది. “ఇప్పుడు మీ వదిన ఎక్కడున్నారు?”

“లేదమ్మా. పోయింది,” అంది మేనత్త. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది గానీ కళ్ళు నిండాయి. “ఇప్పుడు ఎవరితో పోట్లాడను? ఈ పిల్లేమో ఎదురే చెప్పదు.”

ఎదురు చెప్పని పిల్ల అంటే నలభై దాటిన అతుకులమ్మ. ఆమె పావురం పుస్తకాన్ని చంకలో పెట్టుకుని మెట్ల కింద గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరికేసి, కాసేపు ఏడ్చింది. అమ్మ గుర్తొచ్చి ఏడ్చింది, అత్త నవ్వినందుకూ ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని కొత్త కాగితాలు కత్తిరించుకుంది.

ఆ ఊరేగింపు కథను పుస్తకంగా వెయ్యడానికి మేనత్త అనుమతి అంత తేలిగ్గా రాలేదు. “వేసుకో. కానీ పోట్లాట మీ అమ్మే మొదలుపెట్టినట్టు వెయ్యాలి,” అంది మేనత్త. సమాధానం చెప్పుకోడానికి అమ్మ లేదు కదా అని అతుకులమ్మ ఒప్పుకోలేదు. మేనత్త ఒక పూటంతా మాట్లాడలేదు. సాయంత్రానికి వచ్చి, “పోనీ ఎలా వేస్తావో చూపించు,” అంది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే పేజీలో, ఒకేసారి నోళ్ళు తెరిచి ఉన్నారు. మేనత్త భూతద్దం పెట్టి చూసింది.

“నా నోరు ఇంత పెద్దదా?”

“అమ్మదీ అంతే అత్తా. స్కేలుతో కొలిచి వేశాను.”

భూతద్దం అటు జరిగింది, ఇటు జరిగింది. “సరే, అయితే,” అంది మేనత్త.

పుస్తకం బుట్టలోకి వెళ్ళింది. కొన్ని వారాలు దాని వంక చూడకూడదన్న నియమం ఈసారి అతుకులమ్మ ప్రాణం తోడేసింది. జిగురు గిన్నెలో నీళ్ళెక్కువ పోసింది, ఒక ఏనుగు పుస్తకాన్ని తలకిందులుగా కుట్టింది. చాప వైపు నుంచి పిల్లల నవ్వులు వినిపిస్తే ఏ పుస్తకానికో తెలియక గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేది. ఇదీ తెల్లగానే మిగిలితే అత్త పరువు రెండోసారి తీసినట్టవుతుంది. ఆ భయం ఆమెను తిననివ్వలేదు.

గడువు తీరకముందే ఒక సాయంత్రం హాల్లోంచి పరపరమని చప్పుడొచ్చింది. చిరుగు చప్పుడు ఆమెకు కొత్తా? కుంచె పడేసి పరిగెత్తింది. చాప మధ్య ఎందుకమ్మ ఏడుస్తూ నిలబడి ఉంది, చేతిలో సగం పుస్తకం. ఎదురుగా బుగ్గలబ్బాయి, చేతిలో మిగతా సగం. మెట్టు మీద రెండు బోర్డులూ పక్కపక్కన ఉన్న పేజీల దగ్గర, సరిగ్గా మధ్య కుట్టున విడిపోయింది. ‘యుద్ధం’ ఆమె దగ్గరుంది, ‘వద్దు’ వాడి దగ్గరుంది.

“శాంతి పుస్తకం కోసం కొట్టుకుంటారా, సిగ్గు లేదూ,” అంటూ పెద్ద మేడమ్ వచ్చింది. మడతకుర్చీలోంచి మేనత్త అడిగింది, “ముందు లాగిందెవరు?” పిల్లలిద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు. “అంతే. అలాగే ఉంటుంది,” అంది మేనత్త, అంతా తెలిసిన దానిలా.

అతుకులమ్మ అవేవీ వినడం లేదు. రెండు సగాలూ తీసుకుని మూలలు చూసింది. మాసిపోయాయి. మెత్తబడ్డాయి. పోలీసాయన టోపీని ఎవరో కొరికారు. తెరిచిన రెండు నోళ్ళ మీదా వేళ్ళు పెట్టీ పెట్టీ రంగు లేచిపోయింది. చెప్పుల పేజీకి ఏదో తీపి అంటుకుని చీమొకటి తిరుగుతోంది. ఆమె అక్కడే చాప మీద కూర్చుండిపోయింది. పాపం బాధపడుతోందనుకుని పెద్ద మేడమ్ భుజం మీద చెయ్యి వేసింది.

“పాసైందండీ,” అంది అతుకులమ్మ.

పిల్లలిద్దర్నీ మెట్ల కింద గదిలోకి తీసుకెళ్ళింది. తిట్టలేదు. మధ్యన సన్నటి కాగితం పట్టీ పెట్టి, జిగురు రాసి, “ఇవాళ ఇటుకలు పెట్టను. మీరే నొక్కి పట్టుకోవాలి. ఆరేదాకా కదలకూడదు,” అంది. చెరో పక్కనా చెయ్యి ఆనించి కూర్చున్నారు. మొహాలు చెరో దిక్కుకు తిప్పుకున్నారు. జిగురు ఆరడం ఒక పట్టాన తెమిలే పని కాదు. గుమ్మంలో మేనత్త, ఆవిడ వెనక పెద్ద మేడమ్, ఇద్దరూ తొంగిచూస్తున్నారు. చాలాసేపటికి బుగ్గలబ్బాయి గోడవైపు చూస్తూనే అన్నాడు.

“కొంచెం ఇటు జరుగు. నీ వైపు లేచిపోతోంది.”

ఎందుకమ్మ ఎందుకని అడగకుండా జరిగింది. మేనత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, కూడలికి ఆలస్యమైపోతోందని అందరి మీదా విసుక్కుంది.

ప్రెస్సాయన ఆ పేజీ మధ్యనున్న అతుకు చూసి, మరక తీసేద్దామా అనడిగాడు. అలాగే ఉంచమంది అతుకులమ్మ. బడుల్లో పిల్లలు అది నిజం అతుకో కాదో తేల్చుకోవడానికి గోళ్ళతో గీకుతున్నారట, ఆ పేజీ అప్పుడే నల్లబడిందని ఒక టీచరమ్మ ఫిర్యాదు చేసింది. కొత్త ప్రతి పంపమంటారా అని ప్రెస్సాయన అడిగితే, వద్దు, చిరిగినప్పుడు జిగురు నేను పంపిస్తానని అతుకులమ్మ కబురు పెట్టింది.

ఇంట్లో ఒక ప్రతి మేనత్తది. మంచం పక్కన అలమారాలో పెట్టుకుని ఎవరినీ ముట్టనివ్వదు. “నాకెందుకే, నేను చూసిన కథే కదా,” అంటూ ఉంటుంది. ఒకరోజు ఆవిడ కూడలికి వెళ్ళాక గది ఊడుస్తూ అతుకులమ్మ దాన్ని తీసింది. అలవాటు కొద్దీ మూలలు చూసింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. మెట్టు పేజీ దగ్గర మాత్రం పుస్తకం దానంతటదే తెరుచుకుంది. తుంపరలో ముడుచుకున్న ఇద్దరిలో ఒకామె మొహం, వదిన మొహం, బొటనవేలంత మేర మాసిపోయి, కళ్ళూ ముక్కూ పోల్చుకోలేనంతగా అరిగిపోయి ఉంది.

అతుకులమ్మ దాన్ని ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేసింది. సాయంత్రం మేనత్త వచ్చి గుమ్మంలోంచే అడిగింది.

“నా పుస్తకం ముట్టుకుందెవరు?”

“నేనే అత్తా.”

“ఎందుకు?”

“ఊరికే. పాసైందో లేదో చూద్దామని.”